అక్క ట్రీట్‌మెంట్ ఖర్చు ఎలా తగ్గించుకున్నామంటే

అక్కకి రొమ్ము క్యాన్సర్ అని తేలాక జబ్బు కన్నా డబ్బు టెన్షనే ఎక్కువైంది. ఎస్టిమేట్ చూసి బావ ఇల్లు అమ్మేద్దామన్నాడు. నేను ఆ కాగితం పట్టుకుని ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్ దగ్గర కూర్చున్నాను. (రోగులకు ఖర్చుల విషయంలో, సాయం దొరికే చోట్ల విషయంలో దారి చూపే ఉద్యోగి. పెద్ద ఆసుపత్రుల్లో చాలావాటిలో ఉంటారు. మనం అడిగేదాకా ఎవరూ చెప్పరు.)

లైను లైనూ చూస్తే సగానికి పైగా ఒక్క మందుదే: ట్రాస్టుజుమాబ్. అక్కది హెర్2 పాజిటివ్ (క్యాన్సర్ కణాల మీద హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే రకం) కాబట్టి అది తప్పదు. ఆంకాలజిస్టుని సూటిగా అడిగాను, "సార్, దీనికి బయోసిమిలర్ వాడొచ్చా?" అని. నిక్షేపంగా వాడొచ్చన్నారు. బయోసిమిలర్ అంటే అసలు మందులాగే పనిచేసేలా వేరే కంపెనీ తయారుచేసే మందు, నాసిరకం నకలేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఒక ట్రాస్టుజుమాబ్ బయోసిమిలర్‌ని పరిశీలించి ప్రీక్వాలిఫై చేసింది, అంటే నాణ్యత, భద్రత, పనితీరు సరిగా ఉన్నాయని గుర్తించింది. మందుల ఖర్చు అక్కడే బాగా దిగింది.

తర్వాత రేడియేషన్. 25 సిట్టింగులు రాసి ఉన్నాయి. తక్కువ సిట్టింగుల పద్ధతి కుదురుతుందా అని అడిగితే, రిపోర్టులన్నీ చూసి 15కి మార్చారు. రానుపోను ఖర్చులు, బావ సెలవులు మిగిలాయి. ఇది అందరికీ నప్పదు, డాక్టరే తేల్చాలి.

ఇన్సూరెన్స్ వాళ్లు ఒక క్లెయిమ్ తిప్పి పంపారు. కారణం రాసివ్వమంటే, బయాప్సీ రిపోర్టు జతచేయలేదట! జతచేసి మళ్లీ పంపితే డబ్బు వచ్చింది. అప్పటినుంచి ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, తేదీ వేసి దాస్తున్నాం.