ఇంజన్‌ను శుభ్రం చేసే ఆయిల్: పాత బండికి ఎలా వాడాలి, కొత్త బండికి ఎంతవరకు

ముందు ఇంజన్ పైన ఉండే టాపెట్ కవర్ మీది ఆయిల్ మూత తీసి, సెల్‌ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి. వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టు చుట్టూ లోహం మెరుస్తున్నా, పలచటి తేనె రంగులో ఉన్నా ఆ ఇంజన్‌కు ఏ ప్రత్యేక ఆయిలూ అక్కర్లేదు. ముదురు గోధుమ రంగు పూతలా అతుక్కుని, గోటితో గీరినా రాకపోతే అది వార్నిష్. దానితో తొందరేం లేదు. నల్లగా, గ్రీజులా మందంగా పేరుకుని వేలికి ముద్దగా అంటుకుంటే మాత్రం అది మడ్డి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ బండి కోసమే.

మూత లోపల వెన్నలాంటి తెల్లటి నురగ ఉంటే సంగతి వేరు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో చలికాలం చెమ్మ వల్ల అది రావచ్చు. రేడియేటర్‌లో కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ బ్లాకుకీ మధ్య ఉండే పట్టీ) పోయిందేమోనని అనుమానించాలి. అదే నిజమైతే ఏ ఆయిలూ దాన్ని బాగుచేయదు.

శుభ్రం చేసేది ఏమిటి?

ప్రతి మంచి ఇంజనాయిల్లోనూ రెండు రకాల మందులుంటాయి. డిటర్జెంట్లు కాల్షియం, మెగ్నీషియం లవణాలు. పిస్టన్ లాంటి వేడి భాగాల మీద మసి అంటుకోకుండా చూస్తాయి, ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాన్ని చంపుతాయి. డిస్పర్సెంట్లు ఊడిన మసిని సన్నటి రేణువులుగానే ఆయిల్లో తేలేలా పట్టి ఉంచుతాయి, మళ్లీ ముద్ద కట్టనివ్వవు. శుభ్రం చేసే ఆయిల్ పేరుతో అమ్మేవాటిలో ఈ మందుల పాళ్లు పెంచుతారు, లేదా మడ్డిని బాగా కరిగించే ఎస్టర్ తరహా బేస్ ఆయిల్ (మందులు కలపకముందు ఉండే మూల నూనె) కలుపుతారు.

ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మిగతాదంతా సులువు. మడ్డిని కరిగించేది ఆయిల్, బయటికి పంపేది ఫిల్టరూ, ఆయిల్ దించే డ్రైన్ నట్టూ. ఖరీదైన ఆయిల్ పోసి 10,000 కిలోమీటర్లు అలాగే నడిపితే, కరిగిన మురికంతా లోపలే తిరుగుతుంది. ఫిల్టర్ నిండిపోతే దాని బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటినుంచి వడకట్టని ఆయిలే బేరింగులకు చేరుతుంది.

కిరోసిన్ పోసి కడగొచ్చా?

వద్దు. ఇప్పటికీ చాలా షెడ్లలో ఆయిల్ దించాక లీటరు కిరోసినో డీజిలో పోసి, ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి దించేస్తున్నారు. క్రాంకు బేరింగులు లోహం మీద లోహంగా తిరగవు, వాటి మధ్య ఆయిల్ పొర ఉంటుంది. కిరోసిన్‌కు ఆ పొర నిలబెట్టేంత చిక్కదనం లేదు. ఆ ఐదు నిమిషాల్లోనే బేరింగులు గీసుకుపోవచ్చు. దించాక కూడా సన్న దారుల్లో కొంత మిగిలి, కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం మడ్డి పెచ్చులుగా ఊడటం. ఆ పెచ్చులు ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున ఆయిల్ పంపు స్ట్రైనర్ జాలీకి అడ్డం పడితే పైకి ఆయిల్ ఎక్కదు. నిన్నటిదాకా నడిచిన ఇంజన్ కడిగిన మర్నాడే టకటకలాడటానికి సాధారణంగా కారణం ఇదే.

సీసాల్లో అమ్మే ఇంజన్ ఫ్లష్ అంత ప్రమాదం కాదు, కానీ దానికీ పద్ధతుంది. దాన్ని దించబోయే పాత ఆయిల్లోనే కలపాలి. 300 మి.లీ. సీసా మామూలుగా 4–5 లీటర్ల ఆయిల్‌కు సరిపోతుంది. 3 లీటర్లు పట్టే ఇంజన్‌కు ఆ లెక్కన తగ్గించి పోయండి. ఇంజన్ వేడెక్కాక పోసి, సీసా మీద రాసినంతసేపే, అంటే సుమారు 10 నిమిషాలు, న్యూట్రల్‌లో ఐడిల్‌లో ఉంచి వేడిగా ఉండగానే దించేయాలి. రేసు చేయకూడదు, రోడ్డెక్కకూడదు. సర్వీసు సక్రమంగా జరిగిన, కాస్త మసే ఉన్న ఇంజన్‌కు ఇది చాలు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న, చరిత్ర తెలియని, మందంగా మడ్డి కట్టిన బండికి మాత్రం ఫ్లష్ వాడకండి. పెచ్చులు ఊడే ప్రమాదం అక్కడే ఎక్కువ.

పాత బండికి: నెమ్మదిగా, మూడు దఫాల్లో

మన రోడ్ల మీద లక్షల్లో ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను తీసుకుందాం. స్విఫ్ట్, డిజైర్ నుంచి ఇండికా విస్టా దాకా ఉన్నది అదే. దీని టైమింగ్ చెయిన్ బిగువు ఆయిల్ ఒత్తిడి మీద ఆధారపడింది. మడ్డి కట్టి ఒత్తిడి పడిపోతే పొద్దున స్టార్ట్ చేయగానే చెయిన్ గలగలమంటుంది. లక్షన్నర కిలోమీటర్లు తిరిగి, ఆయిల్ మార్చింది ఎప్పుడో తెలియని బండి అనుకుందాం.

మాన్యువల్లో ఉన్న గ్రేడే కొనండి. శుభ్రం చేస్తుందని వేరే చిక్కదనం ఎంచుకోకండి. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఏపీఐ (అమెరికా ప్రమాణం), ఏసీఈఏ (యూరప్ ప్రమాణం) గుర్తులు మాన్యువల్‌తో కలవాలి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉండేది ప్రకటన. ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. నాలుగు లీటర్లు కొంటే మిగిలింది పైనపోతకు ఉంటుంది. ఫిల్టర్లు నాలుగు, డ్రైన్ నట్టు వాచర్లు మూడు ఒకేసారి తెచ్చిపెట్టుకోండి.

బండిని 10–15 నిమిషాలు నడిపి, చదును నేల మీద ఆపండి. వేడి ఆయిలే మురికిని వెంట తెస్తుంది, చల్లటి ఆయిల్ దాన్ని అడుగునే వదిలేస్తుంది. చేతులు కాలకుండా గ్లౌజులు వేసుకోండి. పైన మూత తీసి, కింద నట్టు విప్పి, ధార ఆగి చుక్కలు పడేదాకా కనీసం 15 నిమిషాలు వదిలేయండి. ఈ ఇంజన్‌కు చాలా బళ్లలో లోపల కాగితం ఫిల్టర్ ఉంటుంది. దాని మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు కూడా కొత్తది వేసి, కొత్త ఆయిల్ రాయండి. డబ్బా రకం ఫిల్టరైతే రబ్బరు తగిలాక చేత్తో మరో ముప్పావు చుట్టు చాలు. డ్రైన్ నట్టును కొత్త వాచర్‌తో బిగించండి. మాన్యువల్ చెప్పినంత బిగువే సరిపోతుంది. పైపు తగిలించి బలమంతా పెడితే అల్యూమినియం ఛాంబర్ మరలు అరిగిపోతాయి, తర్వాత ఛాంబరే మార్చాలి. అరలీటరు తక్కువగా పోసి, నిమిషం స్టార్ట్ చేసి ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది పోయండి. పై గీత దాటనివ్వొద్దు.

మొదటి 1,000 కిలోమీటర్లకు ఆయిల్ అలాగే ఉంచి ఫిల్టర్ ఒక్కటి మార్చండి. మడ్డి ఎక్కువగా ఊడేది ఇప్పుడే. తీసిన ఫిల్టర్ మడతలు విప్పి వెలుతురులో చూడండి. కాటుకలాంటి మసీ నల్లటి పలుకులూ ఉంటే పని జరుగుతోంది. జరీపొడిలా మెరిసే రేణువులుంటే బేరింగు అరుగుతోందని అర్థం. అలాంటప్పుడు ఆయిల్ సంగతి వదిలేసి మెకానిక్‌తో ఛాంబర్ విప్పించాలి.

3,000 దగ్గర ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చండి. మళ్లీ 4,000–5,000 నడిపాక మూడోసారి. ఆ తర్వాత మామూలు గడువుకు వెళ్లొచ్చు. ఈ మధ్యలో ఆయిల్ వారంలోనే నల్లబడితే కంగారు వద్దు. డీజిల్ ఇంజన్లో అది సహజం, పైగా మసిని ఆయిల్ మోస్తోందనడానికి గుర్తు. అనుమానం ఉంటే డిప్‌స్టిక్ నుంచి ఒక చుక్క బ్లాటింగ్ పేపరు మీద వేసి, కొన్ని గంటలు వదిలేయండి. నలుపు మధ్యనుంచి అంచుదాకా మెల్లగా పలచబడుతూ పాకితే ఆయిల్‌కు ఇంకా శక్తి ఉంది. నడుమ నల్లటి ముద్దలా నిలిచి, చుట్టూ ఉత్త నూనె మరకే ఉంటే గడువు చూడకుండా మార్చేయండి.

రెండు ఇబ్బందులు రావచ్చు. ఒకటి, గట్టిపడిన ఆయిల్ సీలు దగ్గర మడ్డే అడ్డుగా ఉండి ఉంటే, అది కరిగాక కారుతుంది. సీలు ముందే పోయింది, ఇప్పుడు బయటపడింది అంతే. మార్చించండి. రెండోది, ఐడిల్‌లో ఆయిల్ లైటు మినుకుమనడం. ఆ లైటు వెలిగేసరికే ఒత్తిడి అడుగంటి ఉంటుంది. అక్కడే ఇంజన్ ఆపి, ఛాంబర్ దించి జాలీ కడిగించండి. ఇంటిదాకా నడుపుదామనుకుంటే క్రాంకు పోతుంది.

ఆయిల్ తినే బండి తినడం మానేస్తుందా? పిస్టన్ ఆయిల్ రింగులు మసితో పట్టేసి ఉంటే, రెండు మూడు దఫాల తర్వాత కొంత తగ్గే అవకాశం నిజంగానే ఉంది. బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ గోడ) అరిగి నీలం పొగ వస్తుంటే ఏ డబ్బా పోసినా తగ్గదు.

డీజిల్ ఆయిల్‌లో డిటర్జెంట్ ఎక్కువని పెట్రోలు బండికి పోసేవాళ్లున్నారు. కార్బ్యురేటర్ కాలపు, కెటాలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) లేని బండికి అది చెల్లింది. కన్వర్టర్ ఉన్నదానికి ఏపీఐ పెట్రోలు గుర్తు కూడా ఉంటేనే పోయండి. డీజిల్ ఆయిల్లో ఎక్కువగా ఉండే ఫాస్ఫరస్ కన్వర్టర్‌ను మెల్లగా చంపుతుంది.

కొత్త బండికి

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) బళ్లలో డిటర్జెంట్ ఎక్కువైతే లాభం కన్నా నష్టమే ఎక్కువ. డిటర్జెంట్‌లోని లోహం మండితే బూడిద అవుతుంది. డీజిల్ బండిలో ఆ బూడిద డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే వడపోతలో, చేరుతుంది. పట్టిన మసిని బండి తనంతట తానే కాల్చేసే రీజనరేషన్‌లో మసి పోతుంది కానీ బూడిద కాలిపోదు, శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకే కంపెనీలు బూడిద తక్కువుండే ఏసీఈఏ సీ తరగతి ఆయిళ్లు అడుగుతాయి. సీ3లో సల్ఫేటెడ్ యాష్ (మండితే మిగిలే బూడిద కొలత) 0.8 శాతం మించదు. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజన్లలో కాల్షియం ఎక్కువైన ఆయిల్ వల్ల తక్కువ వేగంలో ఇంధనం ముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదముంది. 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ ఆయిళ్లు దీన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. మాన్యువల్ చెప్పిన ఆయిల్ వేళకు మారిస్తే ఇక్కడ శుభ్రత దానంతటదే సాగుతుంది. ఫ్లష్, పైనుంచి కలిపే మందులు వద్దు, వారంటీ గొడవా ఉంటుంది.

ఊళ్లోనే తిరిగే బీఎస్-6 డీజిల్‌లో డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతుంటే సంతోషించకండి. డీపీఎఫ్ రీజనరేషన్ పూర్తికాక డీజిల్ ఛాంబర్లోకి దిగుతోంది. వెంటనే ఆయిల్ మార్చి, అప్పుడప్పుడూ హైవే మీద అరగంట ఆపకుండా నడపండి.

బైకుల్లో క్లచ్ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కార్ల ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదముంది. డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు చూసి కొనండి. స్ప్లెండర్ తరహా ఇంజన్లలో కాగితం ఫిల్టర్ ఉండదు. క్లచ్ కవర్ లోపల గిరగిర తిరిగే గిన్నె గోడలకు మురికి అంటుకుంటుంది, కింద ఒక తీగ జాలీ ఉంటుంది. ఏళ్ల తరబడి తీయని గిన్నెలో తారులాంటి మడ్డి గట్టిగా పేరుకుని ఉంటుంది. దాన్ని ఆయిల్ కరిగించదు. కవర్ విప్పి, పుల్లతో గీకి తుడవాల్సిందే.

దించిన ఆయిల్ నేల మీదా మురికి కాలవలోనూ పోయకండి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి.