ఎన్నికలు లేని రోజుల్లో చందాలు పడిపోతున్నాయా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఫలితాలు వచ్చిన మర్నాడు కూడా పార్టీ శాఖకు ఖర్చులు ఆగవు. ఆఫీసు అద్దె, ఫోన్లు, ఓటర్ల జాబితా పని, కార్యకర్తల శిక్షణ యథాతథంగా ఉంటాయి. రాబడి మాత్రం తగ్గిపోతుంది. ‘జనానికి ఆసక్తి పోయింది’ అని సరిపెట్టుకోవద్దు, చాలాసార్లు అసలు కారణం అది కాదు. ముందు దాతల జాబితాను మూడుగా విడదీయండి: ఒక్కసారి ఇచ్చి ఊరుకున్నవారు, నెలనెలా ఇస్తున్నవారు, నెలనెలా ఇస్తూ ఆగిపోయినవారు. ఎక్కడ తగ్గిందో తెలిస్తేనే మందు తెలుస్తుంది.

సమస్య: ఫలితాల తర్వాత నెలన్నరలోనే చందాలు ఎండిపోయాయి

ప్రచారంలో పంపిన ప్రతి విజ్ఞప్తినీ పోలింగ్ తేదీకి ముడిపెట్టి ఉంటారు. తేదీ దాటింది, ఇవ్వడానికి కారణమూ దాటిపోయింది. పైగా, ఇచ్చిన డబ్బు ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఓడిన చోట ఈ మౌనం ఇంకా ఎక్కువ.

ఫలితాలు వచ్చిన రెండు వారాల్లోపు ప్రతి దాతకూ లెక్క పంపండి. ఎంత వచ్చింది, దేనికెంత ఖర్చయింది, ఎంత మిగిలింది: మూడు వాక్యాలు చాలు. అందులో డబ్బు అడగొద్దు. ఆ తర్వాత పది రోజులకు నెలవారీ చందా అడగండి, అదీ ఒక నిర్దిష్టమైన పని పేరుతో. ‘పార్టీని బలోపేతం చేద్దాం’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. ‘ఓటర్ల జాబితా సరిచూడటానికి 40 బూత్‌లలో ఇంటింటికీ తిరగాలి. ఫారాలకు, ప్రయాణాలకు నెలకు ఇంత అవుతుంది. 60 మంది తలా ఇంత ఇస్తే సరిపోతుంది’ అంటే తన వాటా ఎంతో దాతకు అర్థమవుతుంది. ఎన్నికల రోజుల్లో ఒకేసారి ఇచ్చిన మొత్తాన్నే నెలనెలా అడగొద్దు. అందులో నాలుగో వంతో, ఐదో వంతో అడగండి.

సమస్య: నెలవారీ దాతలు చడీచప్పుడు లేకుండా తగ్గిపోతున్నారు

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే. నెలకు వందలో నలుగురు జారిపోతే ఏడాది తిరిగేసరికి మిగిలేది 61 మంది. ఆ నలుగురిని ఇద్దరికి తగ్గించగలిగితే 78 మంది మిగులుతారు. కొత్తవారిని వెతకడం కన్నా ఇది చాలా తేలిక.

ముందుగా, రద్దు చేసుకున్నవారినీ చెల్లింపు విఫలమైనవారినీ వేరు చేయండి. పేమెంట్ సంస్థ (దాతల కార్డు నుంచో ఖాతా నుంచో నెలనెలా చందా వసూలు చేసిపెట్టే కంపెనీ) ఇచ్చే నివేదికలో ఈ రెండూ విడిగానే ఉంటాయి. అయినా చాలా శాఖల్లో రెంటినీ కలిపి ‘మానేశారు’ అని రాసేసుకుంటారు. ఇవ్వాలనే మనసు ఉన్న మనిషిని మనమే వదులుకోవడం అన్నమాట.

విఫలమవడానికి మామూలు కారణాలు కార్డు గడువు తీరడం, కొత్త కార్డు రావడం, ఖాతాలో డబ్బు లేకపోవడం. వచ్చే రెండు నెలల్లో గడువు తీరే కార్డుల జాబితాను ప్రతి నెలా మొదటి వారంలో తీయండి. గడువుకు 30 రోజుల ముందు ఒక మెసేజ్, 7 రోజుల ముందు ఫోన్ చేయండి. ఖాతాలో డబ్బు లేక ఆగుతున్నవాళ్లు ఎక్కువగా ఉంటే చందా తేదీ చూడండి. నెలాఖరులో పెట్టి ఉంటారు. జీతాలు పడ్డాక, అంటే 5 నుంచి 7వ తేదీ మధ్యకు మార్చండి.

రద్దుల్లో ఒక చిత్రమైన కారణం ఉంటుంది. భారతదేశంలో ఆటోమేటిక్ చెల్లింపుకు కనీసం 24 గంటల ముందు బ్యాంకు దాతకు మెసేజ్ పంపాలి. ఆ మెసేజ్‌లో పార్టీ పేరుకు బదులు ఏదో తెలియని పేరు కనబడితే, మోసమేమోనని భయపడి దాత రద్దు చేసేస్తాడు. మీ ఫోన్ నుంచే చిన్న చందా కట్టి, బ్యాంకు మెసేజ్‌లో ఏ పేరు వస్తుందో చూడండి. అర్థంకాని పేరు వస్తే పేమెంట్ సంస్థతో మాట్లాడి మార్పించండి. మొదటి చెల్లింపుకు ముందురోజు ‘రేపు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, అది మనదే’ అని మీరే చెప్పండి.

సమస్య: ఈమెయిల్‌కు స్పందనే లేదు

అది అసలు చేరిందా? జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి నిబంధనలు బిగించాయి. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని రుజువు చేసే సాంకేతిక అమరికలు) మూడూ సరిగ్గా ఉండాలి, ఒక్క నొక్కుతో జాబితా నుంచి తప్పుకునే వీలుండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు. 0.1 శాతం లోపు ఉంచుకోవడం మంచిది. ఆరు నెలలుగా ఒక్క మెయిల్ కూడా తెరవనివారికి ఆఖరుగా ఒకటి పంపి, జవాబు లేకపోతే తీసేయండి. జాబితా చిన్నదవుతుందని బెంగ పడక్కర్లేదు, మిగిలినవారికి మెయిల్ చేరుతుంది.

సమస్య: ‘ఎప్పుడూ డబ్బే అడుగుతారు’ అంటున్నారు

వాళ్లు అంటున్నది నిజమే కావచ్చు. ‘ఈ రాత్రితో ఆఖరు’ అనే దొంగ గడువులు, ‘మీరిచ్చినదానికి పదింతలు కలుపుతాం’ అనే ఆధారం లేని మాటలు వెంటనే ఆపేయండి. ఒక విజ్ఞప్తికి ముందు కనీసం మూడు సమాచారాలు వెళ్లాలి: జరిగిన పని, వచ్చే సమావేశం, దాతల అభిప్రాయం కోరుతూ ఒక ప్రశ్న. ‘ప్రతి నెలా ఇస్తాను’ అనే గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచొద్దు. అమెరికాలో 2020 ఎన్నికల్లో ఈ పద్ధతి వల్ల తెలియకుండా డబ్బు పోయిందని దాతలు పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. దాన్ని నిషేధించాలని అక్కడి ఫెడరల్ ఎన్నికల కమిషన్ 2021లో ఏకగ్రీవంగా సిఫారసు చేసింది. అలా వచ్చిన డబ్బు వాపసు రూపంలో తిరిగిపోతుంది, నమ్మకమూ దాంతోపాటే పోతుంది.

సమస్య: చేతికి వచ్చిన చందాకు, బ్యాంకులో వేసినదానికి పొంతన లేదు

రసీదు పుస్తకాలు లెక్క లేకుండా పంచడమే కారణం. ప్రతి పుస్తకానికి నంబరు వేయండి. ఎవరికి ఏ నంబర్లు ఇచ్చారో రాసి సంతకం తీసుకోండి. కొత్త పుస్తకం ఇవ్వాలంటే పాతది వెనక్కి రావాలి. పాడైన రసీదు చింపకుండా ‘రద్దు’ అని రాసి పుస్తకంలోనే ఉంచాలి. డబ్బు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, తర్వాతి పనిదినాన బ్యాంకులో వేయాలి.

చట్టం సంగతి కోశాధికారికి నోటికి రావాలి. భారతదేశంలో 2017 నుంచి పార్టీ 2,000 రూపాయలకు మించిన విరాళాన్ని నగదుగా తీసుకుంటే ఆదాయపన్ను మినహాయింపు పోతుంది. ఒక్కొక్కరి నుంచి ఏడాదిలో 20,000 రూపాయలు దాటిన విరాళాల వివరాలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. అమెరికా ఫెడరల్ ఎన్నికల్లో నగదు హద్దు ఒక్కొక్కరికి 100 డాలర్లు. మొత్తం 200 డాలర్లు దాటిన దాత పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే సంస్థ వివరాలు నివేదికలో చూపాలి.

విదేశాల్లో ఉన్నవారి నుంచి తీసుకునేటప్పుడు పౌరసత్వం అడగాల్సిందే. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు ఇక్కడి పార్టీలకు ఇవ్వొచ్చు, ఓసీఐ కార్డుదారులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారు) ఇవ్వకూడదు. అమెరికా ఎన్నికలకైతే పౌరులు, గ్రీన్ కార్డుదారులు ఇవ్వొచ్చు, హెచ్1బీ వీసాపై ఉన్నవారు ఇవ్వకూడదు.

సమస్య: పదిమందే మొత్తం మోస్తున్నారు

వారిలో ఇద్దరు అలిగితే అద్దె కట్టలేరు. ప్రతి నెలా తప్పని ఖర్చులు లెక్కేసి, అవి పూర్తిగా చిన్న నెలవారీ చందాల నుంచే రావాలని లక్ష్యం పెట్టుకోండి. పెద్ద విరాళాలను ఒక్కసారి అయ్యే ఖర్చులకే వాడండి. కొత్తవారిని చేర్చే పని ఒక్కరి నెత్తిన వేయకుండా, కార్యకర్తకు 15 పేర్ల చొప్పున పంచండి. అవి తనకు మొహం తెలిసినవారి పేర్లే అయి ఉండాలి. ఎవరు ఏమన్నారో వారానికోసారి ఒకే షీటులో రాయించండి. ‘ఇప్పుడు కాదు’ అన్నవారిని మూడు నెలల తర్వాత మళ్లీ అడగండి, ‘వద్దు’ అన్నవారిని అడగొద్దు.