సెవెన్ సిస్టర్స్ అంచున కుక్కతో నడవాలంటే

ఇంగ్లండ్‌లో మార్చి వచ్చి కాస్త ఎండ కాసిందంటే ఇక ఆగలేం. కుక్కని కారెక్కించి దక్షిణ తీరంలో సముద్రం అంచున వరసగా నిలబడ్డ సుద్దకొండలు, సెవెన్ సిస్టర్స్‌కో, పక్కనే 162 మీటర్ల ఎత్తున్న బీచీ హెడ్‌కో బయల్దేరతాం. సుద్దకొండ గుల్లబారి ఉండే రోజులు కూడా అవే. సుద్ద చలికాలమంతా వాన నీళ్లు పీలుస్తుంది, మంచుకి పగుళ్లిస్తుంది. కింద సముద్రం కోసుకుంటూ పోతుంది. పైన పచ్చిక మాత్రం చాప పరిచినట్టే కనిపిస్తుంది. అంచున మీరు నిలబడ్డ చోట, కాళ్ల కింద మట్టి ఉందో లేదో పైనుంచి తెలియదు. చాలాచోట్ల కంచె కూడా ఉండదు.

అంచు సంగతి మనకి చెబితే అర్థమవుతుంది. కుక్కకి ఎవరు చెబుతారు? సముద్రపు గాలి కొండకి కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలి మీద సీగల్ రెక్క కదపకుండా, అంచుకి మూరెడు అవతల, సరిగ్గా కుక్క కంటి ఎత్తులో తేలుతుంటుంది. మా లడ్డూ ఒకసారి దాన్ని చూసి ముందుకి దూకాడు. లీష్ చేతికి చుట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది, మోచెయ్యి మాత్రం వారం రోజులు నొప్పెట్టింది. వాడు మాట వినే కుక్కే. పిట్ట కనిపించినప్పుడు ఏ కుక్కా వినదు.

అందుకే బటన్ నొక్కితే సాగే లీష్ ఇంట్లోనే వదిలేయండి. రెండు మీటర్ల మామూలు లీష్, ఒంటికి బిగుతుగా పట్టే హార్నెస్ చాలు. అంచు వైపు మీరు కాదు, కుక్క కాదు, ఇద్దరూ లోపలి వైపే నడవాలి. ఫోటో పిచ్చి ఉన్నవాళ్లు లీష్ ఇంకొకరి చేతికిచ్చాకే ఫోన్ తీయండి.

గొర్రెలు మేస్తుంటాయి, వసంతంలో పిల్లలతో ఉంటాయి. వాటిని తరిమే కుక్కని వేరే దారి లేకపోతే రైతు కాల్చేందుకు ఇక్కడి చట్టంలో వీలుంది. ఆవులు మీదికొస్తే మాత్రం లీష్ వదిలేయండి, కుక్క తప్పించుకోగలదు.

ఇంగ్లండ్‌లో పాములేంటి అనుకోకండి. ఇక్కడి ఆడర్ అనే విషప్పాము మన రక్తపింజరి కుటుంబమే, వసంతంలో ఎండ కాచుకోడానికి బయటికొస్తుంది. కరిస్తే కట్లు కట్టకుండా, కుక్కని నడిపించకుండా, ఎత్తుకుని వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. దారిలో నీడ ఉండదు. నీళ్లు, గిన్నె మీరే మోసుకెళ్లాలి.

కింద బీచ్ వెంబడి వెళ్దామనుకుంటే ముందు పోటు వేళలు చూసుకోండి. సెవెన్ సిస్టర్స్‌కి ఒక చివరున్న కక్‌మియర్ హేవెన్ నుంచి రెండో చివరున్న బర్లింగ్ గ్యాప్ దాకా మధ్యలో పైకెక్కే దారి లేదు.

కుక్క జారిపడితే? దాని వెనక దిగకండి, తొంగి కూడా చూడకండి. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి. మీరు ఏ రెండు చోట్ల మధ్య ఉన్నారో చెప్పండి. హార్నెస్ వేశాం కదా అని కాలర్ తీసేయొద్దు. పేరు, అడ్రస్ ఉన్న బిళ్ల బయట తిరిగే ప్రతి కుక్క మెడలో ఉండాలన్నది ఇక్కడి రూలు. దాని మీద ఫోన్ నంబరు కూడా చెక్కించండి. మా లడ్డూ బిళ్ల మీద పాత నంబరే రెండేళ్లు ఉండిపోయింది.