కంప్యూటర్ బ్యాకప్: ఏది పెట్టుకుంటే ఏది వెనక్కొస్తుంది

క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని చెల్లి పెళ్లి ఫొటోలు ల్యాప్‌టాప్‌లోంచి తీసేశా, రెండు నెలలకి ఫోన్‌లో చూస్తే అక్కడా లేవు. సింక్ అంటే అదేనండీ, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది, ట్రాష్‌లో మామూలుగా 30 రోజులుంటాయి అంతే. ఫొటోగ్రాఫర్ దగ్గర కాపీ ఉండబట్టి ఇంట్లో తిట్లు తప్పాయి.

విండోస్ వాడేవాళ్లు ముందు ఫైల్ హిస్టరీ ఆన్ చేసుకోండి. కంట్రోల్ ప్యానెల్‌లో ఉంటుంది, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి ఆన్ చేస్తే గంటకోసారి మారిన ఫైళ్లని కాపీ చేస్తుంది, పొరపాటున చెరిపేసిన ఎక్సెల్ షీట్ నిన్నటి వెర్షన్ కూడా దొరుకుతుంది. కానీ అది చూసేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటివే, డీ డ్రైవ్‌లో ఓ మూల పెట్టుకున్న ఫోల్డర్‌ని లైబ్రరీలో (వేర్వేరు చోట్ల ఉన్న ఫోల్డర్లని విండోస్ ఒక్కచోట చూపించే జాబితా) కలిపితే తప్ప పట్టించుకోదు. (మనందరి అసలు సరుకంతా డీ డ్రైవ్‌లోనేగా!)

సిస్టమ్ రీస్టోర్ వేరు. కొత్త డ్రైవరో (ప్రింటర్ లాంటివాటిని నడిపించే సాఫ్ట్‌వేర్) అప్‌డేటో వేశాక సిస్టమ్ తిక్కతిక్కగా చేస్తుంటే పాత సెట్టింగ్స్‌కి తీసుకెళ్తుంది, పోయిన ఫొటోలు మాత్రం తేదు.

డిస్కే పోతే పనికొచ్చేది సిస్టమ్ ఇమేజ్. విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు అన్నీ ఉన్నవున్నట్టు కాపీ అవుతాయి, ఎక్కించే కొత్త డిస్క్ మాత్రం పాతదానంత సైజైనా ఉండాలి. చచ్చిపోయిన కంప్యూటర్‌ని లేపడానికి రికవరీ డ్రైవ్ కావాలి కాబట్టి ఓ 32 జీబీ పెన్ డ్రైవ్‌లో అది ముందే చేసిపెట్టుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌లోవి వేరేవాళ్లు చదవకుండా విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, అది ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే ఏం లాభం, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

విండోస్‌ని మళ్లీ కొత్తగా ఎక్కించే 'రీసెట్ దిస్ పీసీ' ఆఖరి మందు. 'కీప్ మై ఫైల్స్' నొక్కినా మనం వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి, ట్యాలీ లాంటివి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

ఇంకోటి, ర్యాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) వస్తే తగిలించి ఉన్న డిస్క్‌లోవి కూడా లాక్ చేసేస్తుంది, అందుకని ముఖ్యమైనవి ఇంకో డిస్క్‌లో కూడా వేసి తీసి పక్కన పెట్టండి. నెలకోసారి ఏదో ఒక ఫైల్ వెనక్కి తెచ్చి, తెరుచుకుంటుందో లేదో చూడండి. మా బావ ఏడాదిగా బ్యాకప్ అవుతోందనే అనుకున్నాడు, తీరా చూస్తే డిస్క్ మార్చిన రోజు నుంచీ ఒక్క ఫైలూ ఎక్కలేదు.