సెమీ అకౌస్టిక్ గిటార్‌లో బ్యాటరీ ఊరికే అయిపోతుంటే

వారానికి మూడు గంటలు వాయించేవారి గిటార్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఎన్నాళ్లు రావాలి? మంచి ఆల్కలైన్ బ్యాటరీ సామర్థ్యం, ఇలా తక్కువ కరెంటు తీసుకునే పరికరాల్లో, సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్లు. గిటార్ లోపలి ప్రీయాంప్ (తీగల నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) 1 మిల్లీ ఆంపియర్ తీసుకుంటుందనుకుంటే 500 గంటలు పనిచేస్తుంది. అంటే మూడేళ్లకు పైనే. అదే ప్రీయాంప్ రాత్రీ పగలూ ఆన్‌లో ఉండిపోతే మూడు వారాలకే ఖాళీ. మీ గిటార్‌లోది 2 తీసుకోవచ్చు, అర తీసుకోవచ్చు. ఎంతైనా, నెలకో బ్యాటరీ మారుస్తున్నారంటే అది వాయించడం వల్ల అయిపోతున్నది కాదు, వాయించని గంటల్లో పోతున్నది. బ్రాండు మార్చి చూడటం వల్ల ఒరిగేదేమీ ఉండదు.

సమస్య: వారాల్లోనే బ్యాటరీ అయిపోతోంది

ముందుగా అనుమానించాల్సింది గిటార్‌కు అలాగే వదిలేసిన కేబుల్‌ని. ఈ గిటార్లలో చాలావాటికి ప్రీయాంప్ ఆన్ చేసే బటన్ ఉండదు. కేబుల్ పెట్టే జాకే స్విచ్. చూడటానికి మామూలు జాక్‌లా ఉన్నా లోపల అది స్టీరియో జాక్: టిప్ (పిన్ను మొనకు తగిలేది), రింగ్ (మధ్యలోది), స్లీవ్ (పిన్ను మొదలుకు తగిలేది) అని మూడు కొనలు ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ తీగ రింగ్‌కు కలిపి ఉంటుంది. మనం పెట్టేది మోనో పిన్ను, అంటే రింగ్ భాగం విడిగా లేనిది కాబట్టి దాని లోహపు ఒళ్లు రింగ్‌నూ స్లీవ్‌నూ కలిపేస్తుంది, సర్క్యూట్ పూర్తవుతుంది. తలుపు తీయగానే ఫ్రిజ్‌లో దీపం వెలిగినట్టే, పిన్ను లోపలికి వెళ్లగానే ప్రీయాంప్ ఆన్ అవుతుంది. స్పీకర్లు ఆపేశారా, మిక్సర్ ప్లగ్గు పీకేశారా, వాల్యూమ్ సున్నాకు తిప్పారా అన్నది దానికి అనవసరం.

చర్చిలో ఆదివారం ఆరాధన ముగిశాక గిటార్‌ని స్టాండు మీద కేబుల్‌తో సహా ఉంచేసి వచ్చే వారం వచ్చి తీసుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. ఆ గిటార్ వారంలో 168 గంటలూ ఆన్‌లో ఉన్నట్టే. వైర్‌లెస్ వాడేవారికి ఇదే చిక్కు ఇంకోలా వస్తుంది. గిటార్‌కు తగిలించే చిన్న ట్రాన్స్‌మిటర్‌ని ఆఫ్ చేసి, దాన్ని జాక్‌లోనే వదిలేస్తారు. ట్రాన్స్‌మిటర్ నిద్రపోతుంది, గిటార్ బ్యాటరీ మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది.

పరిష్కారానికి ఖర్చేమీ లేదు. మిక్సర్‌లో ఆ ఛానల్‌ని మ్యూట్ చేసి, లేకపోతే స్పీకర్లలో ఢబ్బుమంటుంది, కేబుల్‌ని గిటార్ వైపు నుంచి తీసేయండి. మిక్సర్ వైపు తీసి గిటార్ వైపు వదిలేస్తే ఫలితం లేదు. బ్యాటరీతో నడిచే ఎఫెక్ట్ పెడల్స్‌లో కూడా చాలావాటిది ఇదే పద్ధతి. వాటి ఇన్‌పుట్ జాక్‌లో కేబుల్ ఉన్నంతసేపూ అవి ఆన్‌లోనే ఉంటాయి.

సమస్య: కేబుల్ తీసేస్తున్నా అయిపోతోంది

ఇక్కడ ఊహలు పనిచేయవు, మల్టీమీటర్ కావాలి. చవక రకం చాలు. ఆ చవక మీటర్లు నడిచేదీ ఇదే 9 వోల్టుల బ్యాటరీతోనే. అది నీరసించినప్పుడు కొన్ని మీటర్లు ఉన్న వోల్టేజీ కన్నా ఎక్కువ చూపిస్తాయి. కాబట్టి ముందు మీటర్ బ్యాటరీ సంగతి చూడండి.

మీటర్‌ని డీసీ మిల్లీ ఆంపియర్ల మీద పెట్టండి. బ్యాటరీకి బటన్ క్లిప్ ఉన్న రకమైతే, క్లిప్‌ని పక్కకు తిప్పి ఒక్క కొననే తగిలించండి. ఖాళీగా మిగిలిన బ్యాటరీ కొన మీద మీటర్ తీగ ఒకటి, క్లిప్‌లో మిగిలిన కొన మీద రెండోది ఆనించండి. కేబుల్ పెట్టి ఎంత చూపిస్తుందో రాసుకోండి, తీసేసి మళ్లీ చూడండి. తీసేసినప్పుడు సున్నా రావాలి. బ్యాటరీని పెట్టెలోకి తోసే రకం గిటార్లలో ఈ పరీక్ష కష్టం. వాటికి ఓపికతో కూడిన దారి ఒకటుంది: కొత్త బ్యాటరీ వోల్టేజీ రాసుకుని, కేబుల్ లేకుండా మూడు రోజులు గిటార్‌లో ఉంచి మళ్లీ కొలవండి. బయట పెట్టిన బ్యాటరీ మూడు రోజుల్లో చెప్పుకోదగ్గంత పడిపోదు. లోపల ఉన్నది పడిపోయిందంటే ఎక్కడో కారుతోంది.

కేబుల్ తీసినా, పెట్టినప్పుడు వచ్చిన అంకే వస్తోందా? అయితే దోషం జాక్‌లో ఉంది. రింగ్, స్లీవ్ ఎప్పుడూ అంటుకునే ఉన్నాయన్నమాట. ఎక్కువగా జరిగేది ఇది: జాక్ నట్టు వదులవుతుంది, కేబుల్ పెట్టి తీసినప్పుడల్లా జాక్ మొత్తం తిరుగుతుంది, లోపలి తీగలు మెలిపడి ఒకదానికొకటి తగులుతాయి. బెల్టు తగిలించే చోట ఉండే ఎండ్‌పిన్ జాక్ అయితే దాని గొట్టానికి అడ్డంగా చిన్న రంధ్రం ఉంటుంది. అందులో సన్నని మేకు దూర్చి గొట్టం తిరగకుండా పట్టుకుని నట్టు బిగించాలి. అలా పట్టుకోకుండా బిగిస్తే లోపలి తీగలు ఇంకా మెలిపడతాయి.

రెండో కారణం మరమ్మతు చేసిన చేతుల్లో ఉంటుంది. పాత జాక్ పాడైతే దుకాణంలో దొరికిన మోనో జాక్ వేసి, బ్యాటరీ నెగటివ్ తీగను నేరుగా స్లీవ్‌కు సోల్డర్ చేసేస్తారు. సౌండ్ బ్రహ్మాండంగా వస్తుంది, స్విచ్ మాత్రం మాయమైపోతుంది. ఇటీవల జాక్ మార్పించాకే ఈ బాధ మొదలైతే మరో ఆలోచన అక్కర్లేదు, మళ్లీ స్టీరియో జాక్ వేయించుకోండి.

సున్నా కాదు గానీ వేరే అంకె వస్తే ట్యూనర్‌ని చూడండి. కేబుల్ లేకపోయినా పనిచేసే ట్యూనర్లు చాలా ప్రీయాంప్‌లలో ఉంటాయి. కొన్ని కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, కొన్ని ఆగవు. వెలిగే తెర ఉన్న ట్యూనర్ ప్రీయాంప్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు తాగుతుంది. బ్యాగులో బటన్ నొక్కుకుపోతే మర్నాటికి బ్యాటరీ సగమవుతుంది. ఆ బటన్ ఉబ్బెత్తుగా ఉన్న గిటార్లకు మెత్తని బ్యాగు కన్నా గట్టి కేసు నయం.

సమస్య: కొత్త బ్యాటరీ వేసినా సౌండ్ లేదు, లేదా వచ్చి వచ్చి పోతోంది

బ్యాటరీ అయిపోయిందని పొరబడే సందర్భాలివి. స్టీరియో కేబుల్ పెట్టి చూస్తున్నారేమో గమనించండి. దాని పిన్ను రింగ్‌నూ స్లీవ్‌నూ కలపదు కాబట్టి ప్రీయాంప్ ఆన్ కాకపోవచ్చు. కేబుల్ సరైనదే అయితే బ్యాటరీ పెట్టె తెరిచి కొనలు చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అవి త్వరగా మసకబారతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిస్తే సరిపోతుంది. ఆల్కలైన్ బ్యాటరీ కారి తెల్లటి పొడి పేరుకుని ఉంటే కొద్దిగా వెనిగర్ అద్ది తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. బటన్ క్లిప్ వదులైతే పట్టకారుతో దాని అంచులు కాస్త నొక్కండి.

ఏ బ్యాటరీ, ఎప్పుడు మార్చాలి

చవకగా దొరికే 6ఎఫ్22 గుర్తు ఉన్నవి జింక్ కార్బన్ రకం. 6ఎల్ఆర్61 అని ఉంటే ఆల్కలైన్. గిటార్‌కు రెండోదే కొనండి. రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకంలో సామర్థ్యం 200 మిల్లీ ఆంపియర్ అవర్ల చుట్టుపక్కలే, పైగా వాడకపోయినా తగ్గుతూ ఉంటుంది. యూఎస్‌బీతో ఛార్జి చేసే లిథియం అయాన్ రకాన్ని వేదిక మీద నేను నమ్మను. వాటిలో చాలావాటికి లోపల వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది. ఒక్కోసారి దాని కూత స్పీకర్లలో వినిపిస్తుంది. పైగా చివరిదాకా నిండుగా ఉన్నట్టు చూపించి పాట మధ్యలో టక్కున ఆగిపోతుంది. ప్రీయాంప్ మీది ఎర్ర దీపానికి హెచ్చరించే అవకాశమే ఉండదు.

అన్ని గిటార్లకూ 9 వోల్టులే అనుకోవద్దు. టకమినె కూల్‌ట్యూబ్ ప్రీయాంప్‌కు నాలుగు ఏఏ బ్యాటరీలు పడతాయి.

కొత్త ఆల్కలైన్ 9.5 వోల్టుల దగ్గర చూపిస్తుంది. కేబుల్ పెట్టి, అంటే ప్రీయాంప్ ఆన్‌లో ఉండగా, కొలిచినప్పుడు 8కి వస్తే బ్యాగులో కొత్తది పెట్టుకోండి. 7.5కి దిగితే మార్చేయండి. ఆ తర్వాత గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పగులుతుంది. నెలల తరబడి వాయించరనుకుంటే బ్యాటరీ తీసి విడిగా దాచండి.

ఈ బెడదే వద్దనుకునేవారికి కే అండ్ కే ప్యూర్ మినీ లాంటి ప్యాసివ్ పికప్‌లు (గిటార్ కంపనాన్ని బ్యాటరీ లేకుండానే సిగ్నల్‌గా మార్చేవి) ఉన్నాయి. గిటార్‌లో బ్యాటరీ అక్కర్లేదు. కానీ ఇలాంటి పికప్‌ను నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌కు ఇస్తే బేస్ పోయి రేకు డబ్బాలా మోగుతుంది. మధ్యలో యాక్టివ్ డీఐ బాక్సు, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె, పెట్టాలి. పికప్ బలహీనమైన సిగ్నల్‌ని నొక్కేయకుండా దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) ఎక్కువగా ఉండాలి. దానికి కావలసిన కరెంటు మిక్సర్ కేబుల్ ద్వారానే పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ నుంచే వస్తుంది. కొనేముందు మీ మిక్సర్‌లో ఫాంటమ్ బటన్ ఉందో లేదో చూసుకోండి.