ముప్పై మంది, ముప్పై పేజీలు: బడిలో గోడ పత్రిక నడిపే పద్ధతి

చాలా ప్రాథమిక పాఠశాలల్లో గోడ పత్రిక ఉంటుంది. పైన థర్మోకోల్ అక్షరాలు, కింద చక్కటి దస్తూరి ఉన్న ముగ్గురు నలుగురు పిల్లల రాతలు. ఆగస్టు 15కి ఒకసారి, జనవరి 26కి ఒకసారి మారుతుంది. మిగతా పిల్లలు దాన్ని చదవరు. అందులో వాళ్లది ఏమీ లేదు కాబట్టి చదవాల్సిన అవసరం వాళ్లకు కనిపించదు.

ఒక్క నియమం పెట్టుకుంటే ఇది మారుతుంది: ప్రతి సంచికలో ప్రతి పిల్లకూ ఒక పేజీ ఉండాలి. రాయడం రాని పిల్లకు, ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు, చూపు లేని పిల్లకు కూడా. కింది పద్ధతి ఒకటి నుంచి ఐదు వరకు ముప్పై మంది పిల్లలు, ఒకరో ఇద్దరో టీచర్లు ఉన్న బడికి సరిపోతుంది. రెండు వారాలకు ఒక సంచిక చాలు. వారానికొకటి అనుకుంటే మూడో వారానికే టీచరు అలసిపోయి, తప్పులు తనే దిద్ది తనే అంటించేస్తారు.

గోడ, తాళ్లు, కాగితాలు

జిగురుతో అంటించకండి. మైదా జిగురుకు బొద్దింకలు, చీమలు పడతాయి, వానాకాలంలో బూజు పడుతుంది. పైగా అంటించిన కాగితాన్ని తిప్పి వెనక చూడలేం. ఈ పత్రికకు కాగితం వెనకవైపు కూడా కావాలి. రెండున్నర మీటర్ల నైలాన్ తాళ్లు మూడు, బట్టల క్లిప్పులు ఏడు డజన్లు తెచ్చుకోండి. ఏ4 కాగితాన్ని సగానికి కోస్తే సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల పొడవు వస్తుంది. మధ్యలో 3 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే ఒక్కో తాడు మీద 13 పేజీలు పడతాయి. మూడు తాళ్లకు 39. ముప్పై మంది పేజీలు పోగా పేరు పట్టీకి, పాఠకుల చీటీలకు చోటు మిగులుతుంది.

పై తాడు నేల నుంచి 135 సెంటీమీటర్ల ఎత్తులో, రెండోది 108, మూడోది 81 దగ్గర కట్టండి. పెద్దవాళ్లకు ఇది మరీ కిందికి ఉన్నట్టనిపిస్తుంది. కానీ ఒకటో తరగతి పిల్లకు, చక్రాల కుర్చీలో కూర్చున్న పిల్లకు కళ్ల ఎదుట ఉండేది ఆ ఎత్తే. తాడు రెండు చివర్లే కడితే మధ్యలో సాగి, పేజీలన్నీ జారి ఒకచోట చేరతాయి. 80 సెంటీమీటర్లకు ఒక మేకు చొప్పున కొట్టండి. ప్రతి పేజీకి పైన రెండు క్లిప్పులు పెట్టండి, ఒకటే పెడితే మూలలు చుట్టుకుపోతాయి.

మధ్యాహ్న భోజనానికి చేతులు కడుక్కునే వరుస పత్రికకు మంచి చోటు, ఎందుకంటే అక్కడ పిల్లలు ఊరికే నిలబడి ఉంటారు. నీళ్లు చిందకుండా కుళాయిలకు రెండు మీటర్ల దూరం ఉంచండి. ఎండ నేరుగా పడే గోడైతే స్కెచ్ పెన్ను రంగు కొన్నాళ్లకే వెలిసిపోతుంది, అక్కడ క్రేయాన్లు వాడించండి.

మొదటి సంచిక: పొడుపు కథలు

మొదటి సంచికకు కథ, వ్యాసం వద్దు. పొడుపు కథ పెట్టుకోండి. రెండు మూడు వరుసల్లో అయిపోతుంది, నోటితో చెప్పొచ్చు, ఏ భాషలోనైనా ఉంటుంది. పైగా అది పనిచేసిందో లేదో వినేవాడి ముఖం చూస్తే తెలిసిపోతుంది, టీచరు తీర్పు అక్కర్లేదు.

మొదటి రోజు మీకు తెలిసినవి ఓ ఐదు చెప్పండి, పిల్లలకు తెలిసినవి చెప్పించండి. ఇంటి దగ్గర పెద్దవాళ్లను అడిగి ఒకటి తెమ్మనండి. హాస్టల్ పిల్లలైతే వంట చేసే అమ్మను అడగొచ్చు.

రెండో రోజు ఒకదాన్ని బోర్డు మీద విప్పి చూపించండి. ఈ పాఠాన్ని తొందరగా ముగించొద్దు. "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు." జవాబు కళ్లు. ఇందులో మూడు పనులు జరిగాయి. కనురెప్పను తలుపుతో పోల్చారు. రెండూ తెరుచుకుని మూసుకుంటాయి, అది కుదిరింది. తలుపు చప్పుడు చేస్తుంది, రెప్ప చేయదు, అది కుదరలేదు. ఆ కుదరని ముక్క తీసేస్తే ఎవరైనా "తలుపే" అంటారు. "నల్ల కుక్కకు నాలుగు చెవులు" అన్నప్పుడూ అంతే. ఏ కుక్కకూ నాలుగు చెవులు ఉండవు, అందుకే లవంగం దాకా ఆలోచిస్తాం. పిల్లలు పట్టుకోవాల్సిన కీలకం ఈ కుదరని ముక్కే.

మూడో రోజు ప్రతి ఒక్కరూ వాడేసిన కాగితం వెనక నాలుగు గళ్లు గీయాలి. మొదటి గడిలో వస్తువు పేరు. రెండో గడిలో అది ఎలా ఉంటుంది, ఏం చేస్తుంది. మూడో గడిలో దేనిలా ఉంటుంది. నాలుగో గడిలో ఆ రెండింటికీ ఎక్కడ కుదరదు. గొడుగు తీసుకున్నామనుకోండి. తెరిస్తే గుండ్రం, నీడనిస్తుంది, ఒకే కాడ. చెట్టులా ఉంటుంది. కానీ వేరు లేదు, ఆకు లేదు. అప్పుడు "ఒంటికాలి చెట్టు, వేరు లేదు, ఆకు లేదు, వానొస్తేనే విచ్చుకుంటుంది" అని వస్తుంది. బోర్డు మీద ఈ ఒక్క ఉదాహరణ చేసి, తుడిచేయండి. వదిలేస్తే పది గొడుగులు వస్తాయి.

నాలుగో రోజు పరీక్ష. తను కట్టిన పొడుపును ముగ్గురికి విడివిడిగా చెప్పాలి. ముగ్గురూ వెంటనే విప్పేస్తే నాలుగో గడి బలహీనంగా ఉందన్నమాట. ఎవరూ విప్పలేకపోయి, జవాబు చెప్పాక కూడా "అదెలా?" అంటే మూడో గడిలోని పోలిక సరిపోలేదు. జవాబు వినగానే "అవును కదా!" అంటే పేజీ సిద్ధం. ఐదో రోజు శుభ్రంగా రాయాలి: ముందు పొడుపు, వెనక జవాబు. పల్చటి ఏ4 మీద స్కెచ్ పెన్నుతో రాస్తే జవాబు ముందువైపుకు కనిపించిపోతుంది, వెనక పెన్సిల్‌తోనే రాయించండి.

అక్షరాలు ఇంకా రాని ఒకటో తరగతి వాళ్లు సగం బొమ్మ వేస్తారు. చీపురు కొన, సైకిల్ బెల్లు, గేదె తోక. పూర్తి బొమ్మ వెనక ఉంటుంది.

పాత పొడుపుల్లో కొన్ని ఒంటి రంగును, కులాన్ని, అవిటితనాన్ని ఎగతాళి చేస్తాయి. అందుకే ముందే చెప్పండి: పొడుపు వస్తువు మీదే, మనిషి మీద కాదు. అలాంటిది వస్తే అందరి ముందు తిట్టకుండా రాసిన పిల్లతో విడిగా మాట్లాడి మరో పోలిక వెతికించండి.

అందరూ ఒకేలా రాస్తుంటే

"మా ఊరు" అని ఇస్తే ముప్పై మందీ "మా ఊరు చాలా అందమైన ఊరు. మా ఊరిలో చెరువు కలదు" అని రాస్తారు. పాఠ్యపుస్తకంలో సృజనాత్మకత అని ఉన్న అభ్యాసానికి కూడా జవాబు గైడ్‌లోంచి దిగేది ఇందుకే. టీచరుకు ఏం కావాలో తెలియనప్పుడు పిల్లలు ప్రమాదం లేని వాక్యం వెతుక్కుంటారు. దాన్ని సోమరితనం అనుకోకండి. అడిగే ప్రశ్నను ఇరుకు చేయండి, పక్కవాడి దగ్గర దొరకని జవాబు అడగండి. మీ ఇంట్లో అన్నిటికంటే పాత వస్తువు ఏది, ఎవరిది, ఎక్కడ విరిగింది? పప్పు ఉడికేటప్పుడు మొదట ఏ చప్పుడు, చివర ఏ చప్పుడు? ఇంటి నుంచి బడికి వచ్చే దారిలో చెప్పులు విప్పి నడిస్తే కాలికి తగిలేవి వరసగా చెప్పు. ఇవన్నీ తర్వాతి సంచికలకు పనికొస్తాయి. రాయడానికి ముందు ఇద్దరిద్దరు ఐదు నిమిషాలు ఒకరికొకరు నోటితో చెప్పుకోవాలి, ఆ తర్వాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా రాయాలి. మొదటిది మానేస్తే కాగితం ఖాళీగా ఉంటుంది, రెండోది మానేస్తే పక్కవాడిది దిగుతుంది.

రూపాన్ని అనుకరిస్తే మాత్రం ఆపకండి. కిటకిట తలుపుల నడకలో కొత్త పొడుపు కట్టడం కాపీ కాదు.

దిద్దడం

ముందు అర్థం గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఇంట్లోని పాత గిన్నె గురించి రాస్తే: "ఆ సత్తు గిన్నె ఎక్కడ సొట్ట పడింది?" ఆ జవాబు పేజీలోకి ఎక్కాక రెండే రెండు అక్షర దోషాలు చూపించండి, అర్థం మారిపోయేవి ముందు. కాలు అని రాయాల్సిన చోట కల్లు అని ఉంటే దిద్దాలి. పొల్లు తప్పిన మాటను ఈసారికి వదిలేయొచ్చు. పేజీనిండా ఎర్ర సిరా పడితే, తర్వాతి సంచికకు ఆ పిల్ల తనకు కచ్చితంగా రాయడం వచ్చిన మాటలే వాడుతుంది. అవి చాలా తక్కువ.

ఇంటి యాసను దిద్దకండి. "ఉరుకుతున్నడు" అని రాస్తే దాన్ని "పరుగెత్తుతున్నాడు"గా మార్చొద్దు. గోడ మీద పేజీ పరీక్ష పేపరు కాదు.

వేరే భాష, వేరే చూపు, వేరే వేగం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్య కింద గోండి, కోయ, కొలామి, సవర, కువి లాంటి ఎనిమిది ఆదివాసీ భాషలకు తెలుగు లిపిలోనే పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. మీ పత్రికలోనూ అదే చేయొచ్చు. పిల్ల తన భాషలో చెప్పింది తెలుగు అక్షరాల్లో పైన, తెలుగు అర్థం కింద, రెండూ ఒకే సైజులో. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, అర్థం తెలియగానే తెలుగు ఒక్కటే గోడకెక్కుతుంది, అసలు మాట రఫ్ కాగితంలోనే ఉండిపోతుంది. అక్షరాల్లో ఒదగని ధ్వని వస్తే ఆ భాష తెలిసిన పిల్లలే ఒక గుర్తు ఎంచుకుని ప్రతిసారీ అదే వాడాలి. ఇటుక బట్టీలకు వచ్చిన ఒడిశా పిల్లలకూ ఇదే పద్ధతి.

చెప్పగలిగి రాయలేని వాళ్లకు మరొకరు రాసిపెట్టాలి, చెప్పింది చెప్పినట్టే. పేజీ కింద "చెప్పింది" అని ఒక పేరు, "రాసింది" అని ఇంకో పేరు. చెప్పిన పేరు ముందుండాలి. రాసే పిల్ల మధ్యలో "బాగు చేస్తుంటే" ఆపండి.

కొద్దిగా చూపున్న పిల్ల చదవడానికి నల్ల మార్కర్, అంగుళం ఎత్తు అక్షరాలు కావాలి. తెలుగులో ఒత్తులు కిందికి దిగుతాయి కనుక వరుసల మధ్య మామూలు కంటే రెట్టింపు ఖాళీ వదలండి, లేకపోతే ఒత్తు కింది వరుస గుడిలో కలిసిపోతుంది. చూపు లేని పిల్లకు బ్రెయిలీ (చుక్కలను తాకి చదివే లిపి) వస్తే పాత క్యాలెండర్ల మందపాటి కాగితం బ్రెయిలీ పలకలో బాగా పనికొస్తుంది. ఆ పలక, మెళకువలు కావాలంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలో అడగండి. ఆ పేజీలను దొంతర పెడితే చుక్కలు అణిగిపోతాయి, నిలబెట్టి దాచండి. తాకి తెలుసుకునే పేజీలో వస్తువు ఆకారాన్ని దారంతో గీతలా అంటించడం అందరికీ తట్టే ఆలోచన, కానీ అది అంతగా పనిచేయదు. గొడుగు గీత చేతికి గొడుగులా అనిపించదు. గొడుగు గుడ్డ ముక్క, ఒక పుల్ల అంటిస్తే అనిపిస్తుంది. ఈ పేజీలను చేయి సులువుగా అందే మధ్య తాడు మీద పెట్టండి.

వినపడని పిల్లలకు ప్రాస మీద, చప్పుడు మీద నడిచే పొడుపు అందదు. మాట్లాడకుండా అభినయించి అడిగే పొడుపులు పెట్టండి, నాలుగో రోజు పరీక్ష కూడా అభినయంతోనే జరగాలి. మిగతా పిల్లలకు ఇది ఎంతో ఇష్టమవుతుంది. నెమ్మదిగా నేర్చుకునే పిల్ల ముందు రెండు అసలు వస్తువులు పెట్టి ఒకటి ఎంచుకోమనండి, రోజుకు ఒక గడి చాలు. క్లిప్పులు పెట్టే పని ఒక్కటే ఇచ్చి అందరూ పాల్గొన్నారని అనుకోవద్దు. ఆటిజం ఉన్న పిల్లవాడు ప్రతిసారీ బస్సుల గురించే రాస్తానంటే రాయనివ్వండి. విషయం అదే ఉంచి రూపం మార్చండి: ఒకసారి పొడుపు, ఒకసారి రూటు మ్యాపు, ఒకసారి డ్రైవరుకు ఉత్తరం. పరీక్ష రోజు గోల భరించలేకపోతే వరండాలో ఒక్క స్నేహితుడితో చేయించండి.

గబగబా ముగించే పిల్లకు ఇంకో పేజీ ఇవ్వకండి. తన పొడుపునే సగం మాటల్లో చెప్పమనండి, అది కష్టమైన పని.

సంపాదకులు, పాఠకులు, మార్కులు

చీటీలు తీసి ఐదుగురు సంపాదకులను ఎంచండి, ప్రతి సంచికకూ మారాలి. పేజీలు పోగు చేయడం, వరుస పెట్టడం, పేరు పట్టీ రాయడం, ప్రార్థన తర్వాత మూడు పేజీలు పైకి చదవడం, చీటీలు పంచడం వాళ్ల పని. దేన్నీ తీసేసే అధికారం వాళ్లకు లేదు.

చదివినవాళ్లు చిన్న చీటీ రాసి ఆ పేజీకే క్లిప్పుకు తగిలిస్తారు. "బాగుంది" అని ఊరుకోకూడదు. "ఇది చదివితే నాకు ఫలానాది గుర్తొచ్చింది" అనో "ఫలానా చోట అర్థం కాలేదు" అనో ఉండాలి. చీటీ ఒక్కటీ రాని పేజీ ఉంటే మూడో రోజులోపు టీచరే రాయాలి.

మొదటి బహుమతి పెట్టొద్దు. పెడితే వచ్చే సంచికలో సగం పేజీలు గెలిచిన పేజీలా ఉంటాయి. గోడ మీది కాగితంపై మార్కులూ వేయొద్దు. తెలంగాణ బడుల్లో నిర్మాణాత్మక మూల్యాంకనానికి (చదువు సాగుతుండగానే చేసే మదింపుకు) ఆధారాలు కావాలంటే రఫ్ కాగితాలు దాచుకోండి. నాలుగు గళ్ల కాగితానికీ చివరి పేజీకీ మధ్య ఏం మారిందో అందులో కనిపిస్తుంది. పిల్లల భాగస్వామ్యం, ప్రాజెక్టు పని కింద చూపించడానికి అది సరిపోతుంది.

దించిన సంచిక

ఫ్రాన్స్‌లో సెలెస్తాన్ ఫ్రెనే అనే టీచరు 1924లో తను పనిచేసే పల్లె బడిలో చిన్న అచ్చుయంత్రం పెట్టి, పిల్లలు రాసింది వాళ్లచేతే అచ్చు వేయించాడు. ఆ కాగితాలు వేరే బడులకు వెళ్లేవి, అక్కడి పిల్లలవి తిరిగి వచ్చేవి. తమకు తెలియని పిల్ల చదువుతుందంటే రాత ఎలా మారుతుందో చూడాలంటే మనకు అచ్చుయంత్రం అక్కర్లేదు. రెండు వారాలయ్యాక పేజీలు దించి, ఎడమవైపు మూడు చోట్ల సూదితో పొడిచి దారంతో కుట్టండి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని పక్క బడి టీచరుకు ఇచ్చి, వాళ్లది తీసుకురండి. కుట్టేముందు పేజీ వెనక జవాబులున్న వైపు ఒక కాగితం అడ్డం పెట్టి, మూలలు మాత్రం అంటించండి. అక్కడి పిల్లలు ముందు విప్పడానికి ప్రయత్నించి, ఆ తర్వాతే చూస్తారు.