గద్దను గుర్తుపట్టడం, 3వ పాఠం: విప్పిన తోక

ఈసారి గూటి గురించి చెప్పుకోవాల్సింది. పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దాన్ని వెనక్కి జరిపాను. ఎత్తున గిరికీలు కొడుతున్న మామూలు నల్లగద్దను చాలామంది గరుడపక్షి అని రాశారు. కారణం అందరిదీ ఒకటే: తోకలో చీలిక కనిపించలేదట.

కనిపించదు మరి. నల్లగద్ద తోకలో బయటి ఈకలు పొడుగు, నడిమివి పొట్టి. అందుకే తోక మూసినప్పుడు మధ్యలో గంటు పడుతుంది. వేడిగాలి మీద పైకి తేలేటప్పుడు తోకను పూర్తిగా విప్పుతుంది. అప్పుడు గంటు పోయి అంచు తిన్నగా అవుతుంది, తోక త్రికోణంలా ఉంటుంది. ఈకలు రాలి కొత్తవి వచ్చే రోజుల్లో బయటి ఈకలు ఇంకా పొట్టిగా ఉంటే, మూసిన తోకలోనూ గంటు సరిగా ఉండదు. కాబట్టి గంటును వదిలి మూలలు చూడండి. నల్లగద్ద తోక ఎంత విప్పినా మూలలు కోసుగా తెలుస్తాయి. గరుడపక్షి తోకకు మూలలే ఉండవు, విసనకర్ర అంచులా వంపు తిరిగి ఉంటుంది.

ఎదిగిన గరుడపక్షితో పేచీ లేదు: తల, రొమ్ము తెలుపు, రెక్కల కొసలు నలుపు, మిగతాదంతా ఇటుక రంగు. చిక్కంతా ఎదుగుతున్న పిల్లతోనే. అదీ నల్లగద్దలాగే గోధుమ రంగు. రెక్క కింది పాలిపోయిన మచ్చను పట్టుకుని తేల్చేద్దామనుకోకండి. ఆ మచ్చ నల్లగద్దకూ ఉంటుంది, చలికాలంలో ఉత్తర దిక్కు నుంచి దిగే నల్లచెవి గద్దకైతే (అది నల్లగద్దలోనే ఒక రకం) మరీ పెద్దది. నేనైతే రంగు జోలికే పోను. తోకను మాటిమాటికీ పక్కకు మెలితిప్పి మలుపు తీసుకుంటుంటే అది నల్లగద్ద. గరుడపక్షి అంత తరచుగా తిప్పదు.

చోటును బట్టి కూడా తేల్చకండి. చెత్తకుప్పలు, చికెన్ కొట్లు నల్లగద్దవి. చెరువులు, వరిమళ్లు గరుడపక్షివి. నిజమే, కానీ విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో రెండూ చేపల వ్యర్థాల కోసం దిగుతాయి. రెండూ వాలకుండానే కాలితో తన్నుకుపోతాయి, గాలిలోనే తింటాయి.

అభ్యాసం: ఎండెక్కాక, 10 నుంచి 12 గంటల మధ్య, చికెన్ కొట్టు వెనకో చెత్త యార్డు దగ్గరో నిలబడండి. ఒక్క గద్దను ఎంచుకుని, అది కనుమరుగయ్యేదాకా చూపు తిప్పకండి. తోక మూసినప్పుడు, సగం విప్పినప్పుడు, పూర్తిగా విప్పినప్పుడు ఎలా ఉందో మూడు బొమ్మలు పెన్సిల్‌తో గీయండి. ఇలా 20 గద్దలకు. ఫోటోలు చెల్లవు. పక్కన రంగు పేరు రాసిన బొమ్మలూ చెల్లవు.